తెల్లగా ఉందిగా, ఇంకేం కావాలి?

ఓణీల ఫంక్షనంటే ఊరంతటికీ తెలియాలి. కూడలిలో ఫ్లెక్సీ, నెత్తిమీద డ్రోన్ కెమెరా, పందిట్లో మటన్ బిర్యానీ. వచ్చినవాళ్లు మారు వడ్డించుకుని పొట్ట నిమురుకుంటుంటే, ఆ పిల్ల పొద్దుట్నుంచీ స్టేజి మీద కుర్చీలో కూర్చుని, లిప్‌స్టిక్ చెదురుతుందని మంచినీళ్లు కూడా భయంభయంగా తాగుతూ నవ్వుతుంటుంది. ఇకనుంచి నెలనెలా ఒంట్లోంచి పోయే రక్తం మళ్లీ పట్టేదెలా అన్న ఒక్క సంగతి తప్ప, ఏర్పాట్లలో వంక పెట్టడానికేం లేదు.

పాతకాలపు ముసలమ్మలకు ఈవెంట్ మేనేజ్‌మెంట్ తెలీదు, పాపం. పిల్ల పెద్దమనిషైతే నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి తినిపించేవాళ్లు. ఇప్పుడూ చేస్తున్నారు లెండి. వీడియో అతను "ఇంకోసారి, మేడమ్" అన్నప్పుడల్లా అదే ఉండ నోటిదాకా వెళ్లి వెనక్కొస్తుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. అదే వయసు మగపిల్లల్లో 31 మందికి. అంతకుముందు సర్వేలో ఆడపిల్లల లెక్క 54. దేశం ముందుకు పోవడం లేదని ఎవరన్నారు?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 16-18 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలని, ఎదిగిన మగాడికి 19 చాలని 2020లో చెప్పింది. ఆ శాస్త్రవేత్తలు ఓ ఆదివారం మన ఇళ్లకు భోజనానికి రావాలి. కార్జం నాన్నకి. నల్లిబొక్క అన్నయ్యకి, క్రికెట్ ఆడతాడు కదా! పిల్లకి పులుసూ, రెండు బంగాళాదుంప ముక్కలూ. అమ్మకి గిన్నె. ఇది చూశాక వాళ్లు తమ పట్టికను తలకిందులుగా అచ్చేసుకుంటారు.

పిల్ల చాటుగా బియ్యం నములుతుంది, బలపం కొరుకుతుంది. ఇనుము తక్కువైనవాళ్లకు ఇలాంటి యావ పుట్టొచ్చని డాక్టర్లంటారు. మన పరిశోధన అంతకంటే లోతైంది: "బియ్యం తింటే నీ పెళ్లికి వాన పడుతుందే!" డబ్బా పై అరకు ఎక్కించడంతో వైద్యం పూర్తి. మెట్లెక్కితే ఆయాసమా? ఫోన్ ఎక్కువైంది. క్లాసులో కునుకా? బద్ధకం. మొహం పాలిపోయిందా? అదొక్కటే శుభవార్త: "పిల్ల కాస్త రంగు తేలిందే!" సంబంధాల బజారులో పాలిపోయిన మొహానికి ఇంత గిరాకీ ఉండగా, నయం చేయించి నష్టపోవడమెందుకు?

ఆకుకూర పెడుతున్నాం కదా అంటారు. నిజమే. తోటకూర, గోంగూర, మునగాకు అన్నీ మంచివే. కాకపోతే ఆకులోని ఇనుము మాంసంలోని ఇనుమంత తేలిగ్గా ఒంటికి పట్టదు. పప్పులో నిమ్మకాయ పిండితేనో, తిన్నాక ఉసిరికాయో జామకాయో కొరికితేనో ఎక్కువ పడుతుంది. మనమేమో చెయ్యి తడి ఆరకముందే టీ గ్లాసు అందిస్తాం. అందులోని టానిన్లు ఆ ఇనుమును రక్తంలోకి పోనీయకుండా కడుపులోనే పట్టేసుకుంటాయి. మంచి మొగుడు రావాలని సోమవారం ఉపవాసం కూడా పెట్టిస్తే, ఆ పూటకి టీ ఒక్కటే భోజనం.

సర్కారు తన వంతుగా బడిలో వారానికో నీలం మాత్ర ఇస్తోంది. 60 మిల్లీగ్రాముల ఇనుము, దాంతోపాటు ఫోలిక్ ఆమ్లం. అన్నం తిన్నాక వేసుకోవాలి. పొద్దున ఏమీ తినకుండా ఆటో ఎక్కిన పిల్ల ఖాళీ కడుపుతో మింగి, కడుపులో తిప్పిందంటే చాలు, సాయంత్రానికల్లా వాట్సాప్‌లో తీర్పు వస్తుంది: అవి వేసుకుంటే పిల్లలు పుట్టరట! మరుసటి వారం నుంచి మాత్రలు కిటికీ అవతలికి. అక్కడ మొలిచిన గడ్డికి మాత్రం ఏ లోటూ లేదు.

ఏదోలా పెళ్లయిపోతుంది. వాన కూడా పడదు. నెల తప్పాక, మూడో నెలలో ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేస్తే హెమోగ్లోబిన్ 8 అని వస్తుంది. "మీ పుట్టింట్లో నీకు ఏం పెట్టి పెంచారే?" అని అత్తగారు నిలదీస్తారు. న్యాయమైన ప్రశ్నే. అడుగుతూనే ఆవిడ గరిటె తిప్పి, కార్జం ముక్కలు ఏరి కొడుకు కంచంలో వేస్తారు.