నేల టికెట్టు హెచ్‌డీ

మా ఊరి టూరింగ్ టాకీసులో తెరకు ఎంత దగ్గరైతే టికెట్టు అంత చవక. అన్నిటికన్నా ముందు నేల, దాని వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. పక్కా హాలు కట్టిన ఊళ్ళలో వీటన్నిటికీ పైన బాల్కనీ. ఊళ్ళో మోతుబరి ఎక్కువ డబ్బు పెట్టి, బొమ్మకు వీలైనంత దూరంగా వెళ్ళి కూర్చునేవాడు. ఇసకలో బోర్లా పడుకుని మోచేతుల మీద గడ్డం ఆనించి చూసే కుర్రాడికి రాజుగారి కిరీటంలో ఎన్ని రాళ్ళు ఊడిపోయాయో తెలిసేది. మోతుబరికి కిరీటం ఉందన్నంతవరకే తెలిసేది. డబ్బు చేరేకొద్దీ బొమ్మకు దూరం జరిగే ఈ ఆచారం ఇంకా పోలేదు. టాకీసు నుంచి హాల్లోకి, బాల్కనీ నుంచి సోఫా మీదికి వచ్చిందంతే.

టీవీ కొనేటప్పుడు ఇంట్లో అందరినీ అడుగుతాం, కంటిని తప్ప. కళ్ళ డాక్టరు గోడకు తగిలించే అక్షరాల పట్టికను స్నెల్లెన్ అనే డచ్చి వైద్యుడు 1862లో తయారుచేశాడు. దాని వెనక లెక్క ఇది: 6/6 చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా రెండు గీతలను విడదీసి చూడగలదు. ఇంటి భాషలో చెప్పాలంటే, 11 అడుగుల దూరంలో 1 మిల్లీమీటరు. అంతకన్నా సన్నగా ఏం గీసినా కన్ను ‘ఏదో ఉందిలే’ అనుకుని కలిపేసుకుపోతుంది.

11 అడుగులే ఎందుకంటే, నేను కొలిచిన సోఫాలన్నీ దాదాపు అక్కడే ఉన్నాయి. ఎవరింటికి వెళ్ళినా కాఫీ వచ్చేలోగా టీవీకీ సోఫాకీ మధ్య టేపు లాగే అలవాటు నాకుంది. మా ఆవిడ దీన్ని డాక్టరు దగ్గర నా బీపీ తరవాత రెండో జబ్బుగా రాయించింది.

55 అంగుళాల టీవీ ఎత్తు 68 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఫుల్ హెచ్‌డీలో ఆ ఎత్తున 1080 వరసలుంటాయి, ఒక్కో చుక్క 0.63 మిల్లీమీటర్లు. 4కెలో 2160 వరసలు, చుక్క 0.32. మరి 11 అడుగుల నుంచి చూసే కంటికి మిల్లీమీటరు దగ్గరే ఆఖరు. అంటే కన్ను ఒకే చుక్కగా లెక్కేసుకునే చోట 4కె వాడు పది చుక్కలు పెట్టి, పదింటికీ డబ్బు తీసుకుంటాడు. ఫుల్ హెచ్‌డీ పూర్తిగా దక్కాలంటే టీవీతో మనది ఏడడుగుల బంధం కావాలి. 4కె పూర్తిగా దక్కాలంటే మూడున్నర అడుగులు, అంటే మన ఇళ్ళలో టీపాయి మీద కూర్చోవాలి. 8కె కూడా వచ్చింది. దానికి రెండడుగుల్లోపు ఉండాలి. అది టీవీ చూడడం కాదు, తుడవడం.

మరి షోరూంలో తేడా కళ్ళకు కట్టినట్టు కనిపించిందే అంటారు. కనిపించక ఏం చేస్తుంది? అక్కడ టీవీల వరసల మధ్య నడిచే దారి మూడు నాలుగు అడుగులే. పైగా ఆడేది రామచిలకల ఈకలు, తేనె ధారలు, మంచుకొండలు. ఏ ఇంట్లోనూ ఎవరూ సాయంత్రం పూట కూర్చుని తేనె ధార చూడరు. సేల్స్ కుర్రాడు ‘దగ్గరికొచ్చి చూడండి సార్’ అంటాడు. పాపం, శాస్త్రమంతా ఆ ఒక్క మాటలో చెప్పేశాడు, మనమే వినిపించుకోం. టీవీని ఇంటికి పంపిస్తారు గాని, దాని ముందున్న ఆ నడవను పంపించరు.

మా బావమరిది కూకట్‌పల్లిలో కొత్త ఫ్లాటు కొని, 65 అంగుళాల 4కె టీవీ తెచ్చాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో వాస్తు సిద్ధాంతిగారు చెప్పారు. కరెంటుతో నడిచేది కాబట్టి అగ్ని, అగ్ని కాబట్టి ఆగ్నేయం. చూసేవాళ్ళు తూర్పు ముఖంగా ఉండాలి. ఈ రెండూ కుదిరేసరికి సోఫా వెళ్ళి నైరుతి మూల గోడకు కరుచుకుంది. టేపు పెట్టాను, 14 అడుగులు. ఆ టీవీలో ఎనిమిదిన్నర అడుగులు దాటితే 4కెకీ ఫుల్ హెచ్‌డీకీ కంటికి తేడా ఉండదు.

“ఇప్పుడేం చెయ్యమంటావు బావా?”

“సోఫా ఆరడుగులు ముందుకు జరుపు.”

“నైరుతి ఖాళీ అయిపోదూ? అక్కడ బరువుండాలి.”

“పోనీ ఇంకా పెద్ద టీవీ కొను. అంత దూరం నుంచి తేడా తెలియాలంటే 107 అంగుళాలు దాటాలి.”

“అది లిఫ్టులో పట్టదు బావా.”

ఇప్పుడక్కడ నలుగురూ కలిసి 14 అడుగుల నుంచి 4కె చూస్తున్నారు. వాళ్ళ నమ్మకాన్ని నేను చెడగొట్టలేదు. న్యాయంగా మాట్లాడితే కొత్త టీవీల్లో డబ్బుకు తగ్గది లేకపోలేదు. నలుపు నల్లగా ఉండడం, వెలుగు ధగధగలాడడం, రంగుల్లో జీవం, ఇవి ఏ మూల నుంచి చూసినా తెలుస్తాయి. కాని అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేది చుక్కల లెక్కే. వెలుగు బాగుందని ఎదురింటి వాళ్ళకు చెప్పుకోవడం కష్టం, ‘4కె’ అని చెప్పుకోవడం తేలిక.

అసలు ఈ హెచ్‌డీని తయారుచేసినవాళ్ళు మనలా చెయ్యలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ అయ్యాక జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె ఇంజనీర్లు రాబోయే టీవీ గురించి ఆలోచిస్తూ, ముందు మనిషి ఎక్కడ కూర్చుంటే బాగుంటుందని చూశారు. తెర ఎత్తుకు మూడింతల దూరమని తేల్చుకుని, దానికి సరిపోయేలా వరసలు లెక్కకట్టారు. ముందు కుర్చీ వేసి తరవాత టీవీ చేశారన్నమాట. అమెరికాలో ఆర్‌సీఏ ప్రయోగశాల ఇంజనీరు బెర్నార్డ్ లెక్నర్, అక్కడి ఇళ్ళలో జనం టీవీకి సుమారు 9 అడుగుల దూరంలో కూర్చుంటున్నారని చెప్పాడు. ఆ దూరానికి ఆయన పేరే నిలిచిపోయింది. సోఫా దూరం కొలిచి పేరు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారని మా ఆవిడకు చెప్పాను. “ఆయనకు జీతమిచ్చారు” అంది.

పెళ్ళిళ్ళలో కథ తిరగబడుతుంది. కల్యాణ మండపంలో వేదిక పక్కన ఎల్‌ఈడీ గోడ నిలబెడతారు కదా, అందులో ‘పీ4’ అనే రకంలో చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 4 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం 45 అడుగులు వెనక్కి వెళితేగాని ఆ చుక్కలు కలిసి బొమ్మవ్వవు. ముందు వరస సోఫాల్లో కూర్చోబెట్టిన వియ్యాలవారికి పెళ్ళికొడుకు బూందీ పోసినట్టు కనిపిస్తాడు. భోజనాల హాలు గుమ్మం దగ్గర, రెండో బంతి ఎప్పుడా అని నిలబడ్డవాడికి మాత్రం తాళిబొట్టు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. వాడు చూడడనుకోండి. వాడి చూపు అరిటాకు మీద ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్లో కొన్న చుక్కలన్నీ చూస్తున్నది వాచ్‌మన్ ఒక్కడే. అతని గదిలో 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ, దానికి నాలుగడుగుల్లో మంచం. ఆ సైజుకు సరిగ్గా అదే దూరం. అతను కావాలని లెక్కేసి పెట్టుకోలేదు, గదిలో ఇంకో చోటు లేదు. పై అంతస్తుల్లో నాలుగడుగుల్లో కూర్చునేది పసిపిల్లలు మాత్రమే. వాళ్ళను కూడా ‘కళ్ళు పోతాయి, వెనక్కి రా’ అని రెక్క పట్టుకుని లాగేస్తాం. ఈ భయానికి ఒకప్పుడు కారణం లేకపోలేదు. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, ఎక్స్‌రేలు మోతాదు మించి వస్తున్నాయని కొన్ని కలర్ టీవీలను వెనక్కి పిలిచి బాగుచేసింది. ఆ పిక్చర్ ట్యూబులు ఎప్పుడో పోయాయి. రెక్క పట్టుకుని లాగడం మిగిలింది.

తెరకు ఎంత ఖర్చు పెట్టినా ఇవతలి కొసన ఉండేది కన్నే. ఆ సంగతి తెలిసిన సినిమావాడు ఎల్వీ ప్రసాద్. 1931లో ‘ఆలం ఆరా’లో వేషం వేసి, 1955లో ‘మిస్సమ్మ’ తీసిన ఆయన ఇచ్చిన విరాళంతో హైదరాబాదులో కంటి ఆసుపత్రి వచ్చింది. 2003లో ఆయన కుటుంబం అదే ఊళ్ళో 72 అడుగుల ఎత్తు తెరతో ఐమాక్స్ తెరిచింది. వరస గమనించండి: ముందు కన్ను, తరవాత తెర.

మా అత్తగారికి ఆమధ్య రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. మా ఇంట్లో ఆవిడ కుర్చీ మారలేదు, టీవీ మారలేదు, 576 వరసల మామూలు చానల్లో వచ్చే సీరియల్ కూడా మారలేదు. కట్టు విప్పాక మొదటి సాయంత్రం ఆవిడ తెర వైపు చూసి, “ఈ గయ్యాళి అత్తకు ముప్పయ్యేళ్ళయినా లేవే! ఇన్నాళ్ళూ ఈ పసిదాన్నా నేను తిట్టింది?” అని నొచ్చుకున్నారు. తరవాత తల పైకెత్తారు. “అమ్మాయ్, ఆ ఫ్యాను రెక్కల మీద దుమ్ము ఎన్నాళ్ళనుంచి ఉంది?”

మర్నాడు మా ఆవిడ తనంతట తనే టేపు తెచ్చి నా చేతిలో పెట్టింది. “అమ్మ కుర్చీ ఎంత దూరంలో వేస్తే ఆ దుమ్ము కనపడదో లెక్కకట్టండి” అంది. స్టూలెక్కి కొలిచాను. అంచున 4 మిల్లీమీటర్లు పేరుకుంది. పెళ్ళి ఎల్‌ఈడీ లెక్కే, 45 అడుగులు. అంటే అత్తగారి కుర్చీ మా గుమ్మం దాటి, లిఫ్టు దాటి, ఎదురింటివాళ్ళ హాల్లో పడుతుంది.