గచ్చు ఏనుగు ఆత్మకథ

జారుడుబల్ల అంటే పైకి ఎక్కడానికి మెట్లు, ఎక్కిన బిడ్డ నిలదొక్కుకొని కూర్చోవడానికి ఒక అరుగు, అక్కడినుంచి కిందికి వాలిన నున్నని తలం, ఆ తలం చివర వేగం తగ్గి పాదాలు నేలకు ఆనేలా దాదాపు సమంగా సాగే ఒక కొస ఉన్న ఆట సాధనం. ఈ ఆత్మకథ చెప్పుకొంటున్నది అటువంటి సాధనాల్లో పాత తరానికి చెందినది, హైదరాబాద్‌లోని ఒక మధ్యతరగతి కాలనీ పార్కులో ఏనుగు ఆకారంలో కట్టిన సిమెంటు జారుడుబల్ల. మనుషుల స్వీయచరిత్రలకు అలవాటైన ఉత్తమ పురుషను పక్కన పెట్టి ప్రథమ పురుషలోనే తన సంగతి చెప్పుకోవడం దానికి ఇష్టం. ఎందుకంటే దాని జీవితంలో అది చేసింది తక్కువ, దాని మీద జరిగింది ఎక్కువ.

కాలనీ లేఅవుట్ వేసిన కొత్తలో, ఇనుప చువ్వల పంజరం కట్టి, దాని చుట్టూ ఇటుక, కాంక్రీటు నింపి మేస్త్రీలు దానికి రూపమిచ్చారు. తోక ఉండవలసిన చోట మెట్లు, వీపు మీద అరుగు, తొండం ఉండవలసిన చోట జారే తలం వచ్చాయి. తొండానికి మాత్రం మామూలు ప్లాస్టరింగ్ కాక మొజాయిక్ చేశారు. అంటే పాలరాతి చిప్స్‌ను సిమెంటులో కలిపి పరచి, ఆరిన తరవాత సానరాయితో నీళ్లు పోస్తూ అరగదీసి, చివర ఆగ్జాలిక్ ఆమ్లంతో మెరుగు పెట్టిన గచ్చు. మేస్త్రీలు పెట్టిన మెరుగు కొన్నాళ్లకే పోయింది. ఇప్పుడు కనిపించే నునుపు కొన్ని తరాల నిక్కర్లు, గౌన్లు పెట్టిన మెరుగు, కాబట్టే అది తొండం మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా ఉంటుంది. చెవుల మీద నీలం రంగు ఎన్నిసార్లు పూశారో పెచ్చు ఊడిన చోట పొరలను బట్టి తెలుస్తుంది.

దాని వంశచరిత్ర క్లుప్తంగా చెప్పుకోదగినదే. ఇంగ్లండ్‌లోని కెటరింగ్ పట్టణంలో చార్లెస్ విక్‌స్టీడ్ అనే యంత్ర పరిశ్రమ యజమాని ఏర్పరచగా 1921లో తెరుచుకున్న పార్కులోని చెక్కపలకల జారుడుబల్లలు ఈ జాతిలో తొలినాటి వాటిలో చేరతాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ అనే వాస్తుశిల్పి ఖాళీగా పడి ఉన్న చిన్న చిన్న స్థలాలను 700కు పైగా ఆటస్థలాలుగా మార్చాడు. వెడల్పాటి గట్టు ఉన్న ఇసుకగుంట, పట్టుకొని ఎక్కే కడ్డీల కమాను, పెద్దలు కూర్చునే బెంచీలు తప్ప అతను పెద్దగా ఏమీ పెట్టలేదు. జంతువుల బొమ్మల ఆకారంలో ఆట సాధనాలు కట్టడం అతనికి బొత్తిగా గిట్టేది కాదు. ఏనుగు ఆకారంలో ఉన్న ఈ కర్తకు ఆ అభిప్రాయం ఇంపుగా ఉండే అవకాశం లేదు గాని, గట్టు విషయంలో మాత్రం అతనిదే సరైన మాట అని అది ఒప్పుకుంటుంది. పిల్లలు దాని మీద ముద్దలు చేసి వరస పెడతారు, తల్లి అదే గట్టు మీద కూర్చుంటుంది, ఒక్క కట్టడంతో రెండు అవసరాలు తీరతాయి.

కొత్తగా అద్దెకు దిగిన కుటుంబాలు, సెలవులకు మనవలను తెచ్చుకున్న అమ్మమ్మలు, తాతలు, రెండేళ్లవాడికి ఎక్కడో ఒకచోట పరుగెత్తే వీలు చూపాలని తిరిగే దంపతులు పార్కు గేటు దగ్గర నిలబడి ముందుగా చూసేది ఈ ఏనుగునే, దాని పక్కనున్న రంగురంగుల ప్లాస్టిక్ సామగ్రినే. ఎన్ని సాధనాలున్నాయి, రంగు కొత్తగా ఉందా అన్న లెక్కతో పార్కును ఎంచుకోవడం వాడుక. జారుడుబల్ల అయి ఉండి ఇలా అనడం స్వజాతి ద్రోహంలా తోచవచ్చు గాని, పసిపిల్లలకు పార్కును ఎంచేటప్పుడు జారుడుబల్లను ఆఖరున చూడాలన్నది దీని నిశ్చితాభిప్రాయం. మొదట చూడవలసింది కింద ఉన్న నేలను, తరవాత పైన ఉన్న నీడను, ఆ తరవాత వెంట వచ్చిన పెద్దలు కూర్చునే చోటును.

నేల సంగతి చెప్పేటప్పుడు నిపుణులు ‘క్లిష్టమైన ఎత్తు’ అనే భావన వాడతారు. ఒక నేల మీద ఎంత ఎత్తునుంచి తల నేరుగా పడినా ప్రాణాంతకమైన దెబ్బ తగలదని పరీక్షల్లో తేలుతుందో, ఆ ఎత్తే ఆ నేలకు క్లిష్టమైన ఎత్తు. అమెరికాలో వినియోగదారు ఉత్పత్తుల భద్రతా కమిషన్ ప్రచురించే ఆటస్థలాల చేపుస్తకం ప్రకారం 9 అంగుళాల లోతు ఇసుక 4 అడుగుల ఎత్తునుంచి పడినా ఆదుకుంటుంది. అంతే లోతు చెక్క తునకలు 10 అడుగుల వరకు ఆదుకుంటాయి. కాంక్రీటు, తారు, గట్టిపడిన మట్టి ఆ లెక్కలోకే రావు. చూడడానికి మెత్తగా ఉండే పచ్చిక కూడా రాదు, ఎందుకంటే నాలుగు నెలల తొక్కుడుకు దాని కింది మట్టి రాయి అవుతుంది. ఈ పార్కులో ఏనుగు చుట్టూ ఒకప్పుడు ఇసుక ఉండేది. కొన్నేళ్ల కిందట సుందరీకరణ పేరుతో ఇసుక తోడేసి పేవర్ టైల్స్ పరిచారు. ఊడవడానికి వీలుగా ఉంటాయన్నది అప్పుడు చెప్పిన కారణం. ఊడ్చేవారికి నిజంగానే వీలుగా ఉన్నాయి.

తొండం కొస దగ్గర మాత్రం టైల్స్ నిలవలేదు. దిగే ప్రతి బిడ్డా మడమలు అక్కడే తన్ని లేస్తుంది కనుక జారుడుబల్ల చివర, ఉయ్యాల కింద నేల ఎప్పుడూ ముందుగా గుంటపడుతుంది. ఇసుక ఉన్న పార్కుల్లోనైనా సరే, మిగతా చోట్ల 9 అంగుళాలు ఉన్నా సరిగ్గా పిల్లలు పడే ఆ రెండు చోట్లే ఇసుక చెదిరి రెండంగుళాలకు వస్తుంది. అందువల్ల పార్కును పరీక్షించదలచిన తండ్రి చెప్పుతో ఇసుకను తోడి చూడవలసింది గట్టు పక్కన కాదు, దిగే కొస దగ్గర. వాన పడిన మరునాటి ఉదయం ఆ గుంటలో నీళ్లు నిలిచి ఉంటే ఆ పార్కును చూసుకొనే మనిషి లేడని అర్థం చేసుకోవచ్చు. పైగా డెంగీని మోసే ఏడిస్ దోమకు అటువంటి నిలవ నీళ్లే నెలవు, అది కుట్టేది పగటిపూట, ముఖ్యంగా ఉదయం పొద్దెక్కే వేళ, సాయంత్రం పొద్దుగుంకే ముందు, అంటే పార్కు గేట్లు తీసి ఉండే వేళల్లోనే.

నీడ గురించి పాశ్చాత్య గ్రంథాలు చెప్పే మాటను ఇక్కడ యథాతథంగా పాటించడం కుదరదు. జారే తలం ఉత్తర ముఖంగా ఉంటే ఎండ తగ్గుతుందని ఆ గ్రంథాలు అంటాయి. సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపుగా నడిచే దేశాల్లో అది సరైన సలహాయే. హైదరాబాద్ మాత్రం దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక మే 9 ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారు స్తంభానికి నీడ కనిపించదు. అక్కడినుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కొద్దిగా ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. ఉత్తర ముఖంగా ఉన్న ఈ ఏనుగు తొండం ఆ రోజుల్లో ఎండను నిండుగా తాగుతుంది. రేకు జారుడుబల్ల తొందరగా కాలి తొందరగా చల్లారుతుంది. కాంక్రీటు మందంగా ఉండడం వల్ల మెల్లగా కాలి, ఎండ తగ్గాక కూడా చాలాసేపు వేడిని వదలదు. ప్లాస్టిక్, రబ్బరు పరుపు కూడా ఎండలో కాలతాయన్నది చాలామంది ఊహించరు. పసివాళ్ల చర్మం పెద్దలదాని కన్నా పలుచన కనుక పెద్దలకు వెచ్చగా తోచిన తలం వాళ్లను బొబ్బలెక్కించగలదు.

ఈ విషయం పుస్తకం చదవకుండానే ఎరిగినవారు నానమ్మలు, అమ్మమ్మలు. ఏప్రిల్ సాయంత్రం బిడ్డను ఎత్తి కూర్చోబెట్టే ముందు తొండం మీద అరచెయ్యి కాక చేతి వెనకభాగం ఆనించి, గుక్క తిప్పుకొనేంతసేపు ఉంచి, “కాలుతోంది నాన్నా, ఇంకాసేపాగి ఎక్కుదువుగాని” అని వెనక్కు తిప్పుకెళ్లే ఆవిడ ఒకరు దాదాపు ప్రతి వేసవిలోనూ ఉంటారు. వంటింట్లో కాలి కాలి మొద్దుబారిన అరచేతికి తెలియని వేడి చేతి వెనక చర్మానికి తెలుస్తుంది. ఎండకు విరుగుడు మాత్రం దిక్కు మార్చడం కాదు, చెట్టు. వేప, కానుగ ఎండాకాలం ముదిరేలోగా కొత్త ఆకు వేస్తాయి కనుక పనికివచ్చే నీడనిస్తాయి. పొద్దు వాలే వేళ నీడ జారుడుబల్ల మీద పడాలంటే ఆ చెట్టు పడమటి వైపు ఉండాలి. కంచె వెంట అందం కోసం పెంచే గన్నేరు, పచ్చగన్నేరు సంగతి వేరు. వాటి ఆకు, పువ్వు, గింజ అన్నింటిలోనూ గుండె కొట్టుకునే తీరును దెబ్బతీసే విషముంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు తిరిగే చోట అవి చేతికందే ఎత్తులో ఉంటే ఆ పార్కుకు ఎంత మంచి నేల ఉన్నా మార్కులు తగ్గించవలసిందే.

ఇక వయసు. పైన చెప్పిన చేపుస్తకం పిల్లలను 6 నుంచి 23 నెలలవారు, 2 నుంచి 5 ఏళ్లవారు, 5 నుంచి 12 ఏళ్లవారు అని మూడుగా విడదీసి, మొదటి వర్గానికి అరుగు ఎత్తు 32 అంగుళాలు దాటకూడదంటుంది. సాధారణంగా జారుడుబల్ల వాలు సగటున 30 డిగ్రీలు మించకూడదు. అంటే అడుగు ఎత్తుకు నేల మీద ఒకటి ముప్పావు అడుగుల పొడవు ఉండాలి. ఈ ఏనుగు వీపు పెద్ద మనిషి భుజం దాకా వస్తుంది, తొండం అంతకన్నా నిటారు. కాబట్టి అది బడికి వెళ్లే పిల్లలదే తప్ప నడక నేర్చినవాళ్లది కాదు. ఆ తేడా పూడ్చడానికి పెద్దలు చేసే పని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకొని జారడం. చూడడానికి అంతకన్నా భద్రమైనది లేదనిపిస్తుంది, జరిగేది వేరు: బిడ్డ చెప్పు అంచుకు రాసుకొని ఆగిపోతుంది, వెనకనున్న పెద్ద మనిషి బరువు ఆగదు, మధ్యలో మోకాలి కింది ఎముక మెలిపడుతుంది. 2002 నుంచి 2015 వరకు అమెరికాలో ఆరేళ్లలోపు పిల్లలు జారుడుబల్లల మీద గాయపడి అత్యవసర విభాగాలకు వచ్చిన సందర్భాలు 3.5 లక్షలు దాటాయని ఒక అంచనా. అందులో మూడోవంతుకు పైగా ఎముకలు విరిగినవే, వాటిలోనూ కాలి కిందిభాగానివే ఎక్కువ. ఒంటరిగా జారలేని బిడ్డకు ఆ జారుడుబల్ల ఇంకా రాలేదనుకోవడమే మేలు.

కడ్డీల మధ్య సందు మూడున్నర నుంచి తొమ్మిది అంగుళాల మధ్య ఉంటే కాళ్లు, ఒళ్లు దూరి తల మాత్రం ఇరుక్కుంటుందన్న సంగతి, అరుగు అంచున పొడుచుకు వచ్చిన బోల్టుకు చున్నీగాని మెడలోని తాయెత్తు తాడుగాని తగులుకుంటే ఉరి పడుతుందన్న సంగతి చాలామంది తల్లులకు ఒకసారి చెబితే చాలు. ఇసుకకు మూత లేకపోతే పిల్లులు, కుక్కలు దాన్ని మరుగుదొడ్డి చేసుకుంటాయని, దానివల్ల పిల్లల ఒంట్లోకి పురుగులు చేరవచ్చని చెప్పడానికి ఎక్కువ వాక్యాలు అక్కర్లేదు.

పొరుగున ఉన్న ఓపెన్ జిమ్ గురించి మాత్రం కాస్త నిలిచి చెప్పాలి. పెద్దల వ్యాయామం కోసం ఆరుబయట బిగించే ఇనుప యంత్రాల సముదాయానికి మన నగరాల్లో ఆ పేరు స్థిరపడింది. చాలా పార్కుల్లో అవి పిల్లల సాధనాలకు పక్కనే, అదే పసుపు, నీలం రంగుల్లో ఉంటాయి; మూడేళ్లవాడికి రెండింటికీ తేడా తెలిసే దారి లేదు. లోలకంలా ఊగే పాదపీఠం మీద ఒకాయన నడుస్తూ ఉంటే ఆ పీఠం వెనక్కు వచ్చే ఎత్తు సరిగ్గా పసివాడి నుదుటి ఎత్తు. పార్కును ఎంచే కుటుంబం రెండింటి మధ్య కంచె గాని, కనీసం పది అడుగుల ఎడం గాని ఉందో లేదో చూడాలి. బెంచీ ఎటు చూస్తోందన్నది కూడా ముఖ్యమే: పార్కు చుట్టూ సాగే నడకబాట వైపు తిరిగిన బెంచీ నడిచేవారి కోసం వేసింది, అక్కడ కూర్చున్న తల్లికి బిడ్డ వీపు వెనక ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది నిండి ఐదేళ్ల లోపు ఉన్న పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక కావాలి. అపార్ట్‌మెంట్ హాల్లో అది తీరేది కాదు. అలాగని కారెక్కి వెళ్లవలసిన పెద్ద పార్కుతోనూ తీరదు, ఎందుకంటే అటువంటి చోటికి వెళ్లడం నెలకొకసారి జరిగే పండగ. ఇంటినుంచి బిడ్డ సొంత కాళ్ల మీద, పెద్ద రోడ్డు దాటకుండా వెళ్లగలిగిన చోట, గేటుకు లోపలినుంచి గొళ్లెం పడే మామూలు పార్కు ఉంటే, అందులో రెండే సాధనాలున్నా, అదే మెరుగైన ఎంపిక. దాన్ని ఒకసారి ఏప్రిల్ సాయంత్రం నాలుగున్నరకు, మరొకసారి జులైలో వాన వెలిసిన ఉదయం చూసి నిర్ణయించుకోవచ్చు. జనవరి ఆదివారం అన్ని పార్కులూ బాగుంటాయి.

బాలలకు ఆడుకునే హక్కు ఉందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెప్పింది, భారతదేశం 1992లో దాన్ని అంగీకరించింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. కాలిపర్స్ వేసుకున్న బిడ్డను, చక్రాల కుర్చీలో బిడ్డను తెచ్చే కుటుంబాల లెక్క మాత్రం ఇంకా కొంచెం వేరు: గేటు దగ్గర అడ్డంగా పాతిన ఇనుప గొట్టాల మధ్య కుర్చీ పడుతుందా, ఉయ్యాలల్లో ఒక్కదానికైనా వీపుకు ఆనుడు, ముందు పట్టీ ఉన్నాయా, ఇసుక బల్ల ఎత్తులో ఉందా అన్నవి వాళ్లు ముందుగా చూస్తారు. ఈ ఏనుగు వెనకనున్న మెట్లు అటువంటి బిడ్డను ఎక్కనివ్వవు. మెట్ల పక్కనుంచి మెల్లగా ఎక్కే ర్యాంపు కడితే వీపు దాకా చేరవచ్చునని ఒకసారి కొలతలు కూడా తీసుకున్నారు. ర్యాంపుకు కావలసిన ఆ వెనక జాగాలోనే తరవాత ఓపెన్ జిమ్ బిగించారు.