పరుల బొక్కసము

పరుల సంపదను లెక్కించుట, దానిని వారు దేనికి వెచ్చించుచున్నారో దేనికి వెచ్చింపకున్నారో విచారించి నిట్టూర్చుట, మర్యాదస్థులు చేయదగిన పని కాదని మా పెద్దలు నాకు బాల్యమున బోధించిరి. వారు బేస్‌బాలు నెరుగరు. మూడు నదులు కలియు పిట్స్‌బర్గు నగరమున కాపురముండి, పైరేట్సు అను జట్టుపై మమకారము పెంచుకొనిన మానవునకు పరుల బొక్కసమును గూర్చిన చింత సంధ్యావందనముకంటె నిత్యమైన కృత్యము. తన బ్యాంకు ఖాతాలో నెంత మిగిలినదో తెలియనివాడు సైతము, జట్టు యజమాని ఈ యేట ఏ పిచ్చరున కెంత యిచ్చెనో, ఎవనికి ఈయజాలక విడిచెనో, అణాపైసలతో అప్పగింపగలడు. ఆ యజమాని నామధేయమును నేనిచట ఉదాహరింపను, అవసరమును లేదు. 2025 ఏప్రిల్‌లో సొంత మైదానమున తొలియాట జరిగిన దినమున ప్రేక్షకులు జట్టును అమ్మివేయుమని ముక్తకంఠమున ఘోషించుచుండగా, ఆయన పేరు వ్రాసిన పతాకమును తోకకు గట్టుకొని, అదే ప్రార్థనతో నొక విమానము ఆకాశమున తిరుగాడెను.

ఈ ఘోషకు మూలమైన ఫ్రీ ఏజెంటు అను ప్రాణిని గూర్చి తెలుగు పాఠకులకు కొంత విన్నవింపవలసి యున్నది. మన ఐ.పి.ఎల్. వేలములో ప్రతి జట్టునకును ఒకే పరిమాణముగల మూట ఇత్తురు. ధనికుడైనను లోభియైనను దానిలోపలనే సరిపెట్టుకొనవలయును. 2024 నవంబరున జెడ్డా నగరమున రిషభ్ పంతు 27 కోట్లు పలికినప్పుడు మనము ముక్కుపై వ్రేలు వైచుకొంటిమి. అమెరికా బేస్‌బాలునందు మూటకు మూతియు లేదు, అడుగును లేదు. ఒక హద్దు దాటి ఖర్చుపెట్టినవారు సుంకము చెల్లింతురు, అంతియ. పూర్వమచట ఆటగాడు యజమాని వదలునంతవరకు ఒక్క జట్టునకే కట్టుబడి యుండెడివాడు. తన్ను అడుగకయే సెయింట్ లూయిస్ నుండి ఫిలడెల్ఫియాకు బదలాయించిరని కర్ట్ ఫ్లడ్ అను ధీరుడు 1969లో ఎదురు తిరిగి, సుప్రీంకోర్టువరకు పోరాడి, 1972లో ఓడిపోయెను. 1975 డిసెంబరున పీటర్ సైట్జ్ అను మధ్యవర్తి వేఱిద్దరు ఆటగాండ్ర విషయమున ఇచ్చిన తీర్పుతో ఆ కట్టు తెగెను. ఇప్పుడు ఆరేండ్ల కొలువు నిండినవాడు తన యిచ్చ వచ్చిన జట్టుతో బేరమాడుకొనును. హువాన్ సోటో అను యువకుడు 2024 డిసెంబరున న్యూయార్కు మెట్సుతో ఆడిన బేరము పదునైదేండ్లకు 765 మిలియను డాలర్లు; మన లెక్కలో దాదాపు ఆరున్నర వేల కోట్లు. పిట్స్‌బర్గువాసు లట్టి వార్తలను, దూరపు బంధువుల యింట జరిగిన వివాహమును గూర్చి వినినట్లు, మాటలేక విందురు.

వీరి దుఃఖమునకు జన్మదినమొకటి కలదు: 1992 అక్టోబరు 14. అట్లాంటాలో, లీగు విజేతను తేల్చు ఏడవయాటలో, తొమ్మిదవ ఇన్నింగ్సు ద్వితీయార్ధము మొదలగునప్పటికి పైరేట్సు 2-0 ఆధిక్యమున నుండిరి. ఒక పరుగు పోయెను, ఇద్దరు ఔటైరి, మూడు బేసులును నిండి యున్నవి, ఇంకొక్కడు ఔటైనచో చాలును. అట్టి తరుణమున ఫ్రాన్సిస్కో కబ్రేరా అను, అంతవరకు ఎవ్వరి తలపునను లేని అట్లాంటా అదనపు ఆటగాడు బంతిని ఎడమవైపునకు కొట్టెను. ఒకడు వచ్చి స్కోరు సమము చేయగా, వాని వెనుక రెండవ బేసునుండి సిడ్ బ్రీమ్ బయలుదేరెను. పలుమార్లు శస్త్రచికిత్స జరిగిన మోకాలితో ఆయన చేసినదానిని పరుగు అనుటకు వ్యాకరణము సమ్మతింపదు. ఐనను, పైరేట్సువాడైన బారీ బాండ్స్ విసరిన బంతి ఱెప్పపాటు ఆలస్యముగా, ఒకింత ప్రక్కకు తొలగి వచ్చుటచే, బ్రీము నేలపై జారి హోము ప్లేటును తాకెను, గెలుపు అట్లాంటాదాయెను.

ఇందలి చమత్కార మెట్టిదనగా, ఆ బ్రీము 1990 వఱకు పైరేట్సు జట్టువాడే. ఫ్రీ ఏజెంటై అట్లాంటాకు పోయినవాడు. బంతి విసరిన బాండ్సు మఱి రెండు నెలలకు ఫ్రీ ఏజెంటై, ఆరేండ్లకు 43.75 మిలియను డాలర్లకు, శాన్ ఫ్రాన్సిస్కోకు పోబోవువాడు. పోయినవాడు పరుగెత్తగా పోబోవువాడు విసరెను. పోలేనివారు చూచుచు నిలువబడిరి. అటుపిమ్మట 1993 మొదలు 2012 వఱకు, వరుసగా ఇరువది యేండ్లు, ఆ జట్టు గెలిచిన ఆటలకంటె ఓడిన ఆటలే హెచ్చు. ఉత్తర అమెరికాలోని ప్రధాన వృత్తిక్రీడలలో ఏ జట్టునకును అబ్బని కీర్తి యిది. పిదప మూడేండ్లు మాత్రము కన్ను తెరిచి, 2015లో 98 ఆటలు గెలిచి, ఒక్కరాత్రి ఆటతో ఇంటికి వచ్చిరి. 2018 జనవరిలో గెరిట్ కోలును హ్యూస్టనుకును, ఊరివారి కనుపాపయైన ఆండ్రూ మెక్‌కచెనును శాన్ ఫ్రాన్సిస్కోకును పంపివేసిరి. కోలు మరుసటి యేటి డిసెంబరున న్యూయార్కు యాంకీసు వారియొద్ద 324 మిలియనులు పుచ్చుకొనెను. నారుమడి పిట్స్‌బర్గుది, కోత న్యూయార్కుది. అసలీ జట్టునకు పైరేట్సు అను పేరు వచ్చినదే 1891 ప్రాంతమున ఫిలడెల్ఫియావారి ఆటగాని నొకని లాగికొని, ఓడదొంగతనము చేసితిరని నింద మోసినందులకు. నూటముప్పదేండ్లు గడచునప్పటికి ఆ యోడను ఇతరులే దోచుకొని పోవుచున్నారు.

నాకు మిత్రులొకరు కలరు. గుంటూరు జిల్లావారు, ఉక్కు కొలుములు చల్లారు కాలమున ఈ యూరికి వచ్చినవారు. పెన్ హిల్స్ కొండమీది వేంకటేశ్వరస్వామి ఆలయము వెలసినదియు, పైరేట్సు కడపటిసారి వరల్డ్ సిరీస్ గెలిచినదియు 1970వ దశకముననే యగుటచే, వారి మనస్సున నీ రెండు విషయములును ముడివడిపోయినవి. ఒక ఆదివారము దర్శనానంతరమున పులిహోర పొట్లము విప్పుచు వారు నన్ను నిలదీసిరి.

“బావగారూ, ఈ స్వామి తన పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడా, లేదా?”

“చేశాడండీ.”

“ఇప్పటికీ వడ్డీ కడుతూనే ఉన్నాడా, లేదా?”

“అందుకేగా వడ్డికాసులవాడన్నారు.”

“లక్ష్మీదేవిని గుండెల మీద పెట్టుకున్నవాడే ముహూర్తానికి అప్పు చేశాడే! మన మహానుభావుడు అప్పన్నది చేయకుండా, ఉన్న డబ్బుతోనే, ఒక్క మంచి కొట్టేవాణ్ణి తేకూడదా?”

నాకు ప్రత్యుత్తరము తోచలేదు. పైగా వారి వాదమునకు బలము చేకూర్చు నిదర్శనములు బేస్‌బాలు పురాణమునందే కొల్లలుగా నున్నవి. లాస్ ఏంజలెస్ డాడ్జర్సు 2023 డిసెంబరున షోహే ఒతానీకి పదేండ్లకు 700 మిలియనులు వ్రాసి యిచ్చి, అందు 680 మిలియనులను 2034 మొదలుకొని పదేండ్లలో, అదియు వడ్డీలేక, తీర్చునట్లు ఒప్పందము చేసికొనిరి. కుబేరు డీ పత్రమును చూచినచో మూర్ఛిల్లును. న్యూయార్కు మెట్సువారు 2000లో బాబీ బొనియాకు ఇయ్యవలసిన 5.9 మిలియనులు అప్పుడే చెల్లింపక, నూటికి ఎనిమిది వడ్డీకి ఒప్పుకొనిన ఫలితముగా, 2011 మొదలు 2035 వఱకు ఏటేట జూలై 1వ తేదీన ఇంచుమించు 1.19 మిలియనులు ముట్టజెప్పుచున్నారు. ఆ బొనియాయును పూర్వాశ్రమమున పైరేటే. ఆయనయు ఫ్రీ ఏజెంటై వెడలినవాడే.

పిట్స్‌బర్గువారు ఖర్చే పెట్టలేదా యందురేమో, పెట్టిరి. పూర్వపు యజమాని కాలమున, 2000 డిసెంబరున, డెరెక్ బెల్ అను ఫ్రీ ఏజెంటును రెండేండ్లకు 9.75 మిలియనులకు తెచ్చిరి. ఆయన మొదటి యేట .173 సగటుతో బంతిని గాలిలో వెదకి, రెండవయేట తన స్థానమునకు పోటీ యున్నదని వినగానే దుకాణము మూసివేయుదునని ప్రకటింపగా, జట్టువారు జీతమిచ్చి మఱీ ఇంటికి పంపిరి. ప్రేక్షకుడు నాడు ఖర్చు పెట్టినందులకు ఏడ్చెను, నేడు పెట్టనందులకు ఏడ్చుచున్నాడు. ఇందు వైరుధ్యమేమియు లేదని అతని దృఢవిశ్వాసము. ఏ యాటగాడు రాణించునో ముందు తెలిసికొని, వానికి మాత్రమే, పరుల సొమ్మును ధారాళముగా వెచ్చింపవలయునని ఆతని కోరిక. జ్యోతిశ్శాస్త్రజ్ఞుడైన కర్ణుడు యజమానిగా లభించిననే గాని యిది తీరదు.

యజమాని పక్షమును వినకుండుట ధర్మము కాదు. ఊరు చిన్నది, టెలివిజను రాబడి లాస్ ఏంజలెస్‌తో తులతూగదు, ఇవి నిజములే. కాని ప్రతి జట్టును తన స్థానిక రాబడిలో నూటికి 48 వంతులు ఉమ్మడి రాశిలో పోయగా, దానిని అందఱును సమముగా పంచుకొందురు. ఆ పంపకమున లాభపడిన జట్టు ఆ ధనమును ఆటను మెఱుగుపఱచుటకే వినియోగింపవలయునని ఒడంబడికలో వ్రాసికొనిరి. ఇది సరిగా జరుగుటలేదని ఆటగాండ్ర సంఘము 2018లో పైరేట్సుతో గూడ నాలుగు జట్లపై ఫిర్యాదు చేసెను. 2001లో తెరచిన ఆ సుందరమైన మైదానమునకు సింహభాగము ప్రజాధనమే. ఈ లెక్కలు చూచిన తరువాత, పరధనమును గూర్చి మా పెద్దలు చెప్పిన నియమము ఇచట వర్తింపదని నా నిశ్చితాభిప్రాయము. ఆ బొక్కసమున ప్రేక్షకుని కాసులును గలవు, అడుగు హక్కును గలదు.

ఆ హక్కు విలువను లాస్ ఏంజలెస్‌కు చెందిన పదునొకండేండ్ల బాలుడొకడు చక్కగా కనిపెట్టెను. పైరేట్సు పిచ్చరు పాల్ స్కీన్సు తొలియాటనాటి చొక్కా గుర్తు పొదిగిన బొమ్మకార్డు, ప్రపంచమున నొక్కటే యున్నది, వానికి దొరకెను. దానినిచ్చినచో హోము ప్లేటు వెనుక ముప్పదియేండ్లపాటు ఆటలు చూచుటకు రెండు సీట్లిత్తుమని జట్టువారు ప్రకటించియుండిరి. పైరేట్సు ఆటను ముప్పదియేండ్లు చూచుట బహుమానమో శిక్షయో వాని యింటివారు తర్కించిరి కాబోలు. 2025 మార్చిలో కార్డును వేలము వేయించి 1.11 మిలియను డాలర్లు రాబట్టిరి. లోకజ్ఞులు.

ఆ స్కీన్సు 2024లో ఉత్తమ నూతన క్రీడాకారుడై, 2025లో పిచ్చర్లకు పరమపదమైన సై యంగ్ బహుమానమును గెలిచెను. లెక్క ప్రకారము 2029 సీజను ముగియగనే ఆయన ఫ్రీ ఏజెంటగును. కావున పిట్స్‌బర్గు రాదలచిన తెలుగువారు అంతలోపల వచ్చి, ఉదయమున కొండమీది స్వామిని సేవించి, సాయంకాలము అలెఘెనీ నది యొడ్డున ఆతడు బంతి విసరుట చూడుడు. టికెట్లు దొరకునో దొరకవో యని భయపడ నక్కఱలేదు.