నిద్రాభంజని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యము

మూలము

ఒక్క పుటయె యంచు నొప్పుగాఁ జెప్పును
తెల్లవాఱునపుడు దీప మార్పు
తోడుగోరువాఁడు తోడేలుగా మాఱ
వాని కొఱకు నేడ్చు వనితఁ జూడు

అవతారిక

కవి రిటైరైన తెలుగు మాస్టారు. పద్యంలోని వనిత ఆయన కోడలు. రచనాస్థలం హైదరాబాదు నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంటు. తెల్లవారుజామున వాకింగ్‌కి లేచిన కవి, కోడలి గది తలుపు కింద సన్నటి వెలుతురు చూసి, తిరిగొచ్చాక పాలవాడి లెక్కల కాగితం వెనక ఈ పద్యం రాశారు. 'చూడు' అన్న క్రియకు సంబోధన లేదు. కోడలితో అయితే 'చూడమ్మా' అంటారు, కొడుకుతో చెప్పి లాభం లేదు. కనుక ఇది ధర్మపత్నికి చేసుకున్న ఫిర్యాదని నిర్ణయం. ఆవిడ ఏమన్నారో ముందు ముందు వస్తుంది.

ఆ అమ్మాయి చదివేవి ఇంగ్లీషు నవలలు. అందులోనూ మూడు తెగలు. మంత్రాలూ డ్రాగన్లూ ఉండే ఫాంటసీ. రక్తపిశాచాలూ తోడేలు మనుషులూ ప్రేమలో పడే పారానార్మల్ రొమాన్స్. మగవాడు మగవాణ్ణి, స్త్రీ స్త్రీని వలచే క్వీర్ రొమాన్స్. మూడూ ఒకే పుస్తకంలో దొరికిన రాత్రి ఆ గదిలో అలారానికి పనుండదు. పగలు ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. తప్పులు పట్టడమే వృత్తి అయిన మనిషి పౌర్ణమినాడు మనిషి తోడేలవుతాడంటే మాత్రం ఒక్క బగ్ కూడా రిపోర్టు చెయ్యదు.

ప్రతిపదార్థము

ఒక్క పుటయె = ఒకే ఒక్క పేజీ మాత్రమే; అంచున్ = అని; ఒప్పుగాన్ = నమ్మేటట్టుగా; చెప్పును = పలుకును; తెల్లవాఱునపుడు = పాలప్యాకెట్లు వచ్చే వేళకు; దీపము = వెలుతురును; ఆర్పు = ఆర్పివేయును; తోడుగోరువాఁడు = జత కోరుకునే నాయకుడు; తోడేలుగాన్ మాఱన్ = తోడేలు రూపు దాల్చగా; వాని కొఱకున్ = అతని కోసమై; ఏడ్చు = కన్నీరు పెట్టుకునే; వనితన్ = స్త్రీని; చూడు = నువ్వే చూడు.

తాత్పర్యము: స్పష్టము. స్పష్టము కానివి ఈ కింద.

విశేషములు

ఒక్క పుటయె. ఆమె చదివేది కిండిల్ అనే ఎలక్ట్రానిక్ పలక మీద; దాని అడుగున ఆమెకు కనబడేది శాతం, పుటసంఖ్య కాదు. కాబట్టి కవి వస్తువును దగ్గర నుంచి చూడకుండానే రాశాడని ఒక ఆక్షేపణ. అది నిలవదు. పుట ఇక్కడ ఉపలక్షణం. పుట అంటే అధ్యాయం, అధ్యాయం అంటే మిగిలిన పుస్తకం. ఇక 'ఒప్పుగా' అన్న చోట కవి న్యాయబుద్ధి చూడాలి. ఆమె అబద్ధమాడిందని అనలేదు. ఒక్క పేజీయే అన్న క్షణంలో ఆమెకూ అదే నమ్మకం. ఈ నవలల్లో అధ్యాయాలు ఎక్కడ ఆగుతాయో ఎరిగినవారికి ఇందులో వింత లేదు. తలుపు తెరుచుకుంటుంది, గుమ్మంలో నిలబడ్డవాడి పేరు తరువాతి అధ్యాయంలో ఉంటుంది. మన వారపత్రికల సీరియల్ రచయితలకూ ఈ విద్య వచ్చు. కాని వాళ్ళు పాఠకురాలికి వారం రోజులు నిద్రపోయే వెసులుబాటు ఇచ్చేవారు.

దీపము. 2007లో వచ్చిన మొదటి కిండిల్‌కు సొంత వెలుతురు లేదు. 2012లో వచ్చిన పేపర్‌వైట్‌తో తెరకు దీపం అమరింది. అంతకుముందైతే ట్యూబ్‌లైటు వెయ్యాలి, భర్త లేవాలి, పద్యం పుట్టకుండా పోవాలి. తెలుగు సాహిత్యానికి కిండిల్ కంపెనీ చేసిన సేవ ఈమాత్రమైనా ఉందని ఒప్పుకోవాలి.

తోడుగోరువాఁడు తోడేలుగా మాఱ. శబ్దాలంకారం చెవికే తెలుస్తుంది, వివరించనక్కర్లేదు. రసం దగ్గరే చిక్కు. పశుపక్ష్యాదుల వలపును వర్ణిస్తే అది శృంగారం కాదు, శృంగారాభాసమే అని ఆలంకారికులు కొందరి మాట. తోడేలు నాయకుడైతే మరి? సమాధానం: తోడేలైనది ఒక్క రాత్రి. నెలలో మిగిలిన రోజుల్లో అతను మనిషే, కాఫీ తాగుతాడు, కరెంటు బిల్లు కడతాడు. అభ్యంతరానికి తావు లేదు. పైగా అనుభావాలు చూడండి. సాత్త్విక భావాలు ఎనిమిదింటిలో రోమాంచం ఒకటి. మామూలు నాయకుడికి అది ఉపచారానికి చెప్పే మాట. తోడేలు నాయకుడికి అక్షరాలా జరుగుతుంది, ఒళ్ళంతా జరుగుతుంది. చంద్రుడు విరహులను కాల్చుకు తింటాడని మన ప్రబంధకవులు చంద్రోపాలంభనం పేరుతో పద్యాలకు పద్యాలు తిట్టిపోశారు. చంద్రుడి మీద ఇతనికున్న ఫిర్యాదు ఇంకా గట్టిది. ఏ వరూధినికీ పున్నమి వెన్నెల్లో తోక మొలవలేదు.

వరూధిని పేరు వచ్చింది కనుక ఒక మాట. అప్సరస మనిషిని వలచింది. మనిషి కాదన్నాడు. గంధర్వుడొకడు ఆ మనిషి రూపం దాల్చి వచ్చాడు. పదహారో శతాబ్దిలో అల్లసాని పెద్దన మనుచరిత్రలో నడిపిన ఈ కథను కోడలి భాషలో చెబితే షేప్‌షిఫ్టర్ హీరోగా పారానార్మల్ రొమాన్స్. పింగళి సూరన కళాపూర్ణోదయంలో రంభ రూపంలో కలభాషిణి, నలకూబరుడి రూపంలో మణికంధరుడు ఎదురుపడతారు. ఇద్దరూ మారువేషాలే, ఎవరికీ ఎవరి సంగతీ తెలియదు. ఈనాటి ఫాంటసీ రచయితలు ఆ ఒక్క ఘట్టాన్ని మూడు సంపుటాలకు సాగదీస్తారు. అంత దూరం పోనక్కరలేకుండా 1978లో విఠలాచార్య జగన్మోహిని ఆడిన ఊళ్ళలో జనం పిశాచి వలపును చూడడానికే లైను కట్టారు. అత్తగారు పద్యం విని అన్నది కూడా దాదాపు ఇదే: 'మీరు ఇన్నేళ్ళు పిల్లలకు వరూధిని బాధ చెప్పి జీతం తీసుకున్నారు. అది జీతం లేకుండా చదువుకుంటోంది. పోనివ్వండి.' ఆవిడ యద్దనపూడి సీరియళ్ళు వారం వారం చింపి బైండు చేయించుకున్న తరం. తులసిదళం చదివి చేతబడి భయానికి పెరట్లోకి ఒంటరిగా వెళ్ళని తరం కూడా. పక్షపాతం ఉండదని అనలేము.

ఇప్పుడు అసలు ప్రశ్న. తోడుగోరువాడు ఎవరి తోడు కోరాడు? మూలంలో లేదు. నాయిక తోడని కవి అనుకున్నాడు. అనుకోవడం సహజమే, ఆయన చదివిన పుస్తకాలు అలాంటివి. ఒక రోజు కాఫీ వేళ కోడలిని కూర్చోబెట్టి కథ చెప్పించుకున్నప్పుడు నిజం బయటపడింది. పుస్తకం టి.జె. క్లూన్ అనే అమెరికన్ రాసిన వుల్ఫ్‌సాంగ్, 2016లో వచ్చింది. ఒరెగాన్‌లో గ్రీన్ క్రీక్ అనే ఊరు. ఆక్స్ అని ఒకడు, కార్ల మెకానిక్ షెడ్డులో పని. జో అని ఇంకొకడు, తోడేళ్ళ వంశం. వాళ్ళిద్దరే జంట. జో తండ్రిని శత్రువు చంపాడు. ఆ శత్రువును వెతుక్కుంటూ జో వెళ్ళిపోయాడు. మూడేళ్ళు. ఆక్స్ ఊళ్ళోనే ఉండి మిగిలిన గుంపును కాపాడుకుంటూ ఎదురు చూస్తున్నాడు. 'అంతవరకే చెబుతాను మామయ్యగారూ' అని కోడలు కప్పు కడగడానికి లేచింది.

మాస్టారు పంచాంగం పక్కన పెట్టి ఆలోచనలో పడ్డారు. ప్రియుడు దేశాంతరం వెళ్ళగా ఇంట్లో వేచి ఉండే నాయికకు శాస్త్రంలో పేరుంది, ప్రోషితభర్తృక. భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది మందిలో ఒకతె. మన ఓరుగల్లులో కూర్చుని విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలోనూ నాయికా నాయకుల లక్షణాలు చెప్పాడు. లక్షణాలన్నీ సరిపోతున్నాయి. దిగులు ఉంది, నిద్రలేమి ఉంది, వాకిలి వంక చూపు ఉంది. ఒక్క చిక్కల్లా ఏమిటంటే, గ్రీజు మరకల చొక్కా వేసుకుని బానెట్ కింద తల దూర్చిన దిట్టమైన మగవాణ్ణి ప్రోషితభర్తృక అనవచ్చునా? అనకపోతే ఇంకేమనాలి? విరహం ఉండీ విరహికి పేరు లేకపోతే అది విరహి లోపం కాదు, పట్టిక లోపం. ఎనిమిది అవస్థలూ మనసుకు పట్టేవే తప్ప చీరకు పట్టేవి కావని వ్యాఖ్యాత అభిప్రాయం. ప్రోషితప్రియుడు అని కొత్త పదం వేసుకుంటే వ్యాకరణానికీ తృప్తి.

పిశాచాల కథల్లో ఇలాంటి వలపులు ఈమధ్య పుట్టిన వెర్రి అని ఒక పూర్వపక్షం వినబడుతూ ఉంటుంది. డ్రాక్యులా వచ్చింది 1897లో. దానికి పాతికేళ్ళ ముందే, 1872కల్లా, డబ్లిన్ రచయితే అయిన షెరిడన్ లెఫాన్యూ కార్మిల్లా వెలువడింది. ఆస్ట్రియాలో స్టిరియా ప్రాంతపు కోటలో ఒంటరి పిల్ల లారా. బండి ప్రమాదంలో చిక్కుకుని ఆ కోటకు అతిథిగా వచ్చిన కార్మిల్లా. చేతులు పట్టుకుని ఆమె లారాతో పలికే మాటలు ప్రేయసి పలికేవే. రాత్రిళ్ళు మాత్రం రక్తం తాగుతుంది. చివరకు పెద్దమనుషులు సమాధి తవ్వి గుండెలో కొయ్య దించారు. అంటే ఇంగ్లీషు రక్తపిశాచి తన తొలి రోజుల్లోనే స్త్రీని వలచిన స్త్రీ. అప్పట్లో ఆ వలపును కథలో పెట్టాలంటే పిశాచానికి అంటగట్టక తప్పలేదు, ఆఖరున చంపకా తప్పలేదు. లారా మాత్రం కథ ముగిశాక కూడా కార్మిల్లా అడుగుల చప్పుడు వినబడిందని అప్పుడప్పుడూ ఉలిక్కిపడుతుంది. లెఫాన్యూ అక్కడ కొయ్య దించలేకపోయాడు.

ఏడ్చు. దీని మీదే ఎక్కువ వాదం. రొమాన్స్ నవల సుఖాంతమని కొనేటప్పుడే తెలుసు. ఆ ముగింపు లేనిదాన్ని ఆ తెగ పాఠకులు రొమాన్స్ అని ఒప్పుకోరు. అది వారి భరతవాక్యం. ముగింపు తెలిసీ ఏడవడం ఎందుకని కవి ఎత్తిపొడుపు. సీతమ్మ దొరుకుతుందని తెలిసీ అశోకవనం ఘట్టంలో కళ్ళు తుడుచుకునే కవికి ఈ ప్రశ్న వేసే అర్హత లేదు కాని, దాన్ని పక్కన పెడదాం. ఆ సుఖాంతం ఎంత కష్టపడి వచ్చిందో చూడాలి. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1913-14ల్లో మారిస్ అనే నవల రాశాడు. ఇద్దరు మగవాళ్ళ ప్రేమ. ఇద్దరూ చివరకు కలిసి ఉండాల్సిందేనని పట్టుబట్టి అలాగే రాశాడు. అప్పటి ఇంగ్లండ్ చట్టం దృష్టిలో అది నేరం. రాతప్రతి సొరుగులో ఉండిపోయింది. ఆయన 1970లో పోయాక, 1971లో అచ్చయింది. అమెరికాలో 1952లో మారిజేన్ మీకర్ మారుపేరుతో స్ప్రింగ్ ఫైర్ రాసినప్పుడు, ఇద్దరమ్మాయిలూ సుఖపడినట్టు ముగిస్తే తపాలా శాఖ పుస్తకాలను ఆపేస్తుందని ప్రచురణ సంస్థ ఎడిటరు ముందే చెప్పాడు. ఒకామె పిచ్చాసుపత్రికి వెళ్ళింది, రెండో ఆమె అది ప్రేమే కాదంది, పుస్తకం పోస్టులో వెళ్ళింది. అదే ఏడు పెట్రీషియా హైస్మిత్ మరో మారుపేరుతో ది ప్రైస్ ఆఫ్ సాల్ట్ రాసి ఇద్దరినీ చివరి పేజీలో మళ్ళీ ఎదురుపడనిచ్చింది, అంతే. ఎవరూ చావలేదు. ఆ పుస్తకం చేతికందిన ఆడవాళ్ళు రచయిత్రికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు.

మన దగ్గర సుప్రీంకోర్టు 377వ సెక్షన్ పట్టునుంచి ఇలాంటి జంటలను విడిపించింది 2018 సెప్టెంబర్ 6న. మర్నాడు పేపర్లో ఆ వార్త చదివి మాస్టారు గొంతు సవరించుకుని ఆటల పేజీకి తిప్పారని ఇంట్లోవాళ్ళ సాక్ష్యం. పెళ్ళికి చట్టం గుర్తింపు ఇంకా లేదు. నవలల్లో మాత్రం తోడేళ్ళ గుంపు ఆ ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి అన్నం పెట్టేసింది. ఎవడు ఎవణ్ణి వలచాడన్నది అక్కడ గొడవే కాదు. శత్రువు ఏ దారిన వస్తున్నాడన్నదే గొడవ. ఇలాంటి ఊరు లోకంలో ఎక్కడ దొరుకుతుందో వెతికి వెతికి, చివరకు పౌర్ణమికి అరిచేవాళ్ళ మధ్య కట్టుకోవలసి వచ్చింది రచయితకు. నిజాంపేటలో అర్ధరాత్రి వచ్చే కన్నీటికి ఇంతకన్నా కారణం వెతకనక్కర్లేదు.

వనిత. పెళ్ళయిన ఆడపిల్ల ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథకు ఏడవడమేమిటని పక్క ఫ్లాటు పిన్నిగారి సందేహం. భట్టనాయకుడు దీనికి ఎప్పుడో జవాబు చెప్పాడు, సాధారణీకరణం అని. కావ్యంలోని దుఃఖం ఫలానావాడిది అన్న చీటీ ఊడిపోతేనే చదివేవాడి గుండెకు తగులుతుంది. శకుంతల కోసం కన్నీరు పెట్టుకున్న మగవాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు. పిన్నిగారికి ఈ జవాబు నచ్చలేదు. ఆవిడకు ఏ విషయంలోనూ జవాబులు నచ్చవు.

కోడలి పరిభాష గురించి క్లుప్తంగా. స్లో బర్న్ అంటే పూర్వరాగం, నాలుగు వందల పేజీల పొడవున. ఫేటెడ్ మేట్స్ అంటే జన్మాంతర సంబంధం. ఓన్లీ వన్ బెడ్ అంటే హోరు వాన, దారిలో సత్రం, ఖాళీగా ఒకటే మంచం. ఉద్దీపన విభావాల్లో వానకు చోటుంది, మంచానికి ఇంతవరకు లేదు, ఇవ్వాలి. టీబీఆర్ అంటే చదవాల్సినవాటి జాబితా, తరగడం దాని స్వభావం కాదు.

పాఠాంతరము

మూలప్రతిలో నాలుగో పాదం దగ్గర 'ని' కొట్టేసి పెన్సిలుతో 'రి' అని దిద్ది ఉంది. 'వారి కొఱకు నేడ్చు'. దస్తూరీ కోడలిది. వెళ్ళినవాడి కోసమే కాదు, ఉండిపోయినవాడి కోసం కూడా ఏడ్చానని ఆమె సవరణ. మాస్టారు కళ్ళజోడు తెచ్చుకుని వేళ్ళ మీద లెక్క వేశారు. వారి, గలం. వాకారానికి వనితలోని వకారంతో యతి. గణం కదల్లేదు, యతి తప్పలేదు. పక్కన 'ఇదియే సాధుపాఠము' అని ఎర్రసిరాతో రాసి, దాని కింద చిన్న అక్షరాలతో ఒక ప్రశ్న పెట్టారు: 'ఆ జో తిరిగి వచ్చునా?'

దాని కింద పెన్సిలుతో జవాబు: 'స్పాయిలర్లు చెప్పను మామయ్యగారూ. కిండిల్ టీవీ పక్కన పెట్టాను, ఛార్జింగ్ ఫుల్లుగా ఉంది.'