వంట ఒక్కటే, పథ్యాలు నాలుగు

ఈమధ్య ఎవర్నైనా భోజనానికి పిలవాలంటే భయమేస్తోంది. పూర్వం ‘వంకాయ తింటారా’ అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఇప్పుడు ఒకడు గోధుమ ముట్టడు. ఇంకొకడికి పాలు పడవు. మరొకడు అన్నం పేరెత్తితే ఆమడ దూరం పోతాడు. వాడి పెళ్ళాం సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోదు. ఇక మా మనవడిది నెలకో మతం. మొన్నటిదాకా కీటో అన్నాడు, ఇప్పుడు వీగన్ అంటున్నాడు, పండక్కి వచ్చేసరికి ఏమంటాడో ఆ భగవంతుడికే తెలియాలి.

తలా ఒక రకం తింటున్నారని కాదు నా సణుగుడు. మా రోజుల్లో మాత్రం అందరి కడుపూ ఒకటేనా? ఇంట్లో ఎన్ని ఒళ్ళుంటే బీరువాలో అన్ని ప్యాకెట్లు దేనికర్రా అనే నా బాధంతా.

మా అత్తవారిది కోనసీమ. ఉమ్మడి సంసారం. మామగారికి అతిమూత్రం, అంటే ఇప్పటి మీ షుగరు. పెద్దత్తగారిది ఒంటిపూట భోజనం, ఉల్లీ వెల్లుల్లీ తగలని మడి వంట. మరిదికి కడుపులో పుండు, కారం కూడదు. పురిటికొచ్చిన ఆడపడుచు మంచం మీద, దాని ముందు పిల్ల ఉగ్గు తినే వయసులో. ఇంతమందికీ కలిపి వంటిల్లు ఒక్కటి, వండే మనిషి మా అత్తగారు ఒక్కరు.

పొద్దున్నే కందిపప్పు ఎసట్లో పడేది. పెద్దత్తగారి వాటా అందరికంటే ముందు మడితో పక్కకి వెళ్ళిపోయేది. మెత్తగా ఉడికాక, ఇంకా ఉప్పైనా పడకముందే పైన తేరిన కట్టు పిల్ల ఉగ్గులోకి ఓ గరిటెడు. తరవాత పసుపూ చిటికెడు ఉప్పూ వేసి, లేత పొట్లకాయో బీరకాయో చేర్చి, బాలింతకీ మరిదికీ ఒక గిన్నె. మామగారికీ అందులోంచే, కాకపోతే కూర రెండింతలు, అన్నం సగం. ఇంకొంచెం కట్టు వంచి చారుకి పెట్టుకునేవారు. అడుగున మిగిలినదాంట్లో చింతపండూ పచ్చిమిరపకాయలూ పడి, ఎండుమిర్చీ వెల్లుల్లీ తాలింపుతో ఘుమఘుమలాడి మా అందరి పప్పయ్యేది. ఒక్క పప్పులోంచి అన్ని పథ్యాలు! ఎవరి వాటా ఏ మజిలీలో తీయాలో తెలియడమే ఆవిడ పాకశాస్త్రం. అది ఏ కాగితం మీదా రాసి లేదు.

జ్వరం వస్తే దానికీ ఓ వరస ఉండేది. మొదట లంఖణం, తరవాత గంజి, తరవాత మిరియాల చారుతో మెత్తటి పాతబియ్యపన్నం, ఆపైన బీరకాయ కూర. నోరు బాగుపడిందని తెలిశాకే ఊరగాయ జాడీ మూత లేచేది. మజ్జిగ సరేసరి. పాలు పడనివాళ్ళు చాలామందికి పులిసిన మజ్జిగ పడుతుంది, తోడుకున్నప్పుడే పాలలో చక్కెర కొంత తగ్గిపోతుంది కనక. ఆ కారణం మా అత్తగారికి తెలియదు. ఎవరికి పాలివ్వకూడదో, ఎవరికి మజ్జిగివ్వచ్చో మాత్రం తెలుసు.

మరి ఇప్పుడో? ‘షుగర్ ఫ్రీ’ అని లడ్డూల డబ్బా తెస్తాడు మావాడు. తీరా చూస్తే నిండా ఖర్జూరం, తాటిబెల్లం. అది మాత్రం ఒంట్లోకి వెళ్ళాక తీపి కాకుండా పోతుందా? చోడిపిండి, అదే రాగిపిండి, షుగరుకి మంచిదని ఎవరో చెప్పారట, పొద్దున్నే చెంబుడు జావ తాగేస్తాడు. చోళ్ళలో సున్నం పుష్కలం, నూరు గ్రాములకి 350 మిల్లీగ్రాములకి పైమాటే, ఎదిగే పిల్లలకి అంతకన్నా ఏం కావాలి? కానీ మెత్తటి పిండి పల్చగా కాచి తాగితే చక్కెర గబగబా ఎక్కుతుంది. అదే చోళ్ళని సంకటి చేసుకుని, కప్పుడు ఆకుకూర పప్పుతో, చారెడంత తినరా అంటే టైము లేదంటాడు.

ఇడ్లీపిండి ప్యాకెట్టు మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ముద్ర కూడానూ. మినప్పప్పులో, బియ్యపు నూకలో గోధుమ ఎప్పుడుందిరా? పొడి ఇంగువలో చాలా రకాలకి గోధుమపిండి కలుపుతారు. నిజంగా గోధుమ పడనివాళ్ళు చూసుకోవాల్సింది దాని మీది అక్షరాలు, అవి చూసేవాడు లేడు.

వీటన్నిటికన్నా నాకు దడ పుట్టించేది ‘సోడియం తక్కువ ఉప్పు’. అందులో మామూలు ఉప్పుకి బదులు కొంత పొటాషియం క్లోరైడు కలుపుతారు. రక్తపోటు ఒకటే ఉన్నవాడికి సాధారణంగా ఫరవాలేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాడికి అది ప్రమాదం. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే, డబ్బాకి తెలుస్తుందా ఎవరు ఎవరో?

చిరుధాన్యాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి 2023ని వాటి సంవత్సరమని చాటింది, మంచిదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక మా డెల్టా అంతా వరే. మెట్టవాళ్ళు మాత్రం చోళ్ళూ జొన్నలూ గంటెలూ కొర్రలూ తిని, అంబలి తాగేవాళ్ళు, మేం వాళ్ళని చూసి ముక్కు విరిచేవాళ్ళం. 1983లో ఎన్టీ రామారావుగారు రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చాక వాళ్ళకి తెల్లన్నం పండగ తిండి కాస్తా రోజూ తిండయింది. పేదవాడి కడుపు నిండిందంటే నేనెందుకు ఏడుస్తాను? నా ఏడుపల్లా, ఆ అంబలి తాగినవాడి మనవడు ఇప్పుడు అవే కొర్రలు సన్నబియ్యం కంటే ఎక్కువ పోసి కొనుక్కోవాల్సి వస్తోందని. పైగా కొర్రలన్నారు కదా అని కంచం నిండా కొడితే అవీ పిండిపదార్థమే, ఊరికే ఏమీ పోవు.

అలాగని మా కాలమంతా బంగారమని నేననను. బాలింతకి దాహమేస్తే నీళ్ళు కొలిచి ఇచ్చేవాళ్ళు, అంతకన్నా అన్యాయం ఉందా? అతిమూత్రానికి ఊళ్ళో పరీక్షలు లేవు, చాలామందికి కంటిచూపు పోయాక గాని ఎందుకో తెలిసేది కాదు. దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహమని 2023లో భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళు లెక్క తేల్చారు. లెక్క తేలడం మేలే. గుండెకి వాల్వు వేయించుకుని రక్తం పలచబడే మందు వాడేవాడు ఆకుకూర ఒకరోజు కుప్పగా, ఒకరోజు అసలే లేకుండా తినకూడదని డాక్టరు చెబితే, అది విని తీరాల్సిందే. అత్తగారి శాస్త్రంలో ఆ మందు లేదు.

ఇంకో మాట. ఆ నాలుగు పథ్యాలూ వండిన ఆవిడ పథ్యమేమిటో ఎవరూ అడగలేదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున ఏం మిగిలితే అదే ఆవిడ భోజనం. రక్తం లేక కళ్ళు పాలిపోయి ఉండేవి. పప్పులో ఆవిడ వాటా ఏ మజిలీలోనూ తీసి పెట్టలేదు మేం.

అందుకే ఆ వంటిల్లు మళ్ళీ రావాలని నేను మొక్కుకోను. ఆ తెలివి మాత్రం రావాలి, ఒక్క ఆడవాళ్ళ నెత్తినే పడకుండా. ఒరేయ్ మనవడా, వీగనో కీటోనో నీ ఇష్టం. ముందు మీ నాన్న ఏ మాత్ర వేసుకుంటున్నాడో, మీ అమ్మకి రక్తం ఎంతుందో కనుక్కో. రేపు ఆదివారం పప్పు నువ్వే వండు. ఎవరి వాటా ఎక్కడ తీయాలో నేను పక్కన కూచుని చెబుతాను. ఫోను మాత్రం హాల్లో పెట్టి రా.