భేస్తాన్ ఎప్పుడో పాసైన పరీక్ష

దేశం బాగుపడాలంటే కుర్రకారు వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు సెలవిచ్చారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్‌గారు వేలంలో పాట పెంచినట్టు దాన్ని 90 చేశారు. ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపని చూస్తారని కూడా అడిగారు.

పెద్దలిద్దరికీ శుభవార్త. ఈ ప్రయోగం ఎప్పుడో జరిగిపోయింది. సూరత్ నుంచి ముంబై వైపు వెళ్తే ఉధ్నా తర్వాతి స్టేషన్ భేస్తాన్. ఆ చుట్టుపక్కలంతా మరమగ్గాలే. మన సిరిసిల్ల వాళ్ల మాటలో సాంచాలు. పగలు పన్నెండు గంటల షిఫ్టు, రాత్రి పన్నెండు గంటల షిఫ్టు. వారానికో సెలవు దొరికితే 72 గంటలు, దొరక్కపోతే 84. అంటే మూర్తిగారి పరీక్షలో భేస్తాన్ ఎప్పుడో పాసైంది. సుబ్రహ్మణ్యన్‌గారి పరీక్షలో మాత్రం ఆరు మార్కులు తగ్గాయి.

భార్య ముఖం సంగతి కూడా ఇక్కడ ఎప్పుడో తేలిపోయింది. గంజాం జిల్లా నుంచి వచ్చిన ఒడియా కార్మికుల్లో చాలామంది ఆలుబిడ్డల్ని ఊళ్లోనే వదిలి వచ్చారు. వాళ్లుండే మెస్ గదుల్లో పగటి షిఫ్టువాడు లేచిన చాపమీదే రాత్రి షిఫ్టువాడు నడుం వాలుస్తాడు. చాపకైనా విశ్రాంతి లేని క్రమశిక్షణ ఏ కార్పొరేట్ కార్యాలయంలో ఉంది?

ఎక్కువ గంటలు పనిచేస్తే సంపద వస్తుందన్నది సిద్ధాంతం. నిజమే, వచ్చింది. సూరత్ చీరలు దేశమంతా కట్టుకుంటోంది. వచ్చిన సంపద ఏ ఇంటికి పోయిందన్నదే ప్రసంగాల్లో ఉండదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి బతుకుదెరువుకని వచ్చి మగ్గాల ముందు నిలబడ్డ మన పద్మశాలీల లెక్కన చూసినా, గంటలకే ఐశ్వర్యం వచ్చేటట్టయితే ఈపాటికి భేస్తాన్ జర్మనీని దాటేయాలి.

సేఠ్‌లను అడిగితే ఒకటే మాట: ‘ఇక్కడ యజమాని, కూలీ అన్న తేడా లేదు, అంతా ఒకే కుటుంబం.’ కాదనలేం. ఎన్ని మీటర్లు నేస్తే అన్ని మీటర్లకే అన్నం పెట్టే కుటుంబం. గుడ్డలో తప్పు పడితే కూలీలో కోత కోసే కుటుంబం. నియామక పత్రం అడిగితే ‘మన మధ్య కాగితాలెందుకు’ అని నొచ్చుకునే కుటుంబం. మగ్గాల మోతలో పక్కవాడు అరిచినా వినబడదు కాబట్టి ఇంట్లో గొడవలు కూడా ఉండవు.

ఇక చట్టం. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 అని గీత గీసింది, దాటితే రెట్టింపు కూలీ అంది. 2020 ఏప్రిల్‌లో కరోనా పేరు చెప్పి గుజరాత్ ప్రభుత్వం రోజుకు 12, వారానికి 72 గంటలకు తలుపు తెరిచి, రెట్టింపు కూలీని ఎగ్గొట్టింది. అదే ఏడాది అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మూడేళ్ల తర్వాత మూర్తిగారు కోరింది, కోర్టు కొట్టేసిన దానికంటే రెండు గంటలే తక్కువ!

ప్రభుత్వం ఊరుకోలేదు. 2025 జులైలో ఆర్డినెన్సు తెచ్చి రోజు పరిమితిని మళ్లీ 12కు పెంచింది. వారానికి 48 దాటకూడదని షరతు పెట్టింది. అంటే నాలుగు రోజులు పని, మూడు రోజులు సెలవు. భేస్తాన్‌లో ఆ మూడు రోజుల సెలవు ఎవరికైనా కనబడితే దయచేసి పోలీసు స్టేషన్‌లో అప్పగించగలరు. ఓవర్‌టైము హద్దును మూడు నెలలకు 75 గంటల నుంచి 125కు జరిపి, కార్మికుడి రాతపూర్వక సమ్మతి ఉండాలని కూడా అన్నారు. నియామక పత్రమే లేనివాడి చేత సమ్మతి పత్రం రాయించడం చూడముచ్చటగా ఉంటుంది.

మనం నవ్వుకునే పనేం లేదు. అదే ఏడాది తెలంగాణ దుకాణాలను మినహాయించి వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటలకు అనుమతిచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా పదివైపే నడిచింది. సులభ వాణిజ్యమట! ఎవరికి సులభమో అడగకూడదు.

అన్నిటికీ మించిన ఆఖరి వాదన ఒకటుంది: ‘ఎనిమిది గంటలకే ఇంటికి పొమ్మన్నా వాళ్లు పోరు, పన్నెండు గంటలు వాళ్లే కోరుకుంటున్నారు.’ ఎందుకు కోరుకోరు? మీటరు రేటు కట్టినవాడు గడుసువాడు. ఎనిమిది గంటలు నేస్తే గది అద్దె, తిండి గడుస్తాయి, ఊరికి పంపడానికేమీ మిగలదు. ఊళ్లో పిల్లల ఫీజు, అమ్మ మందులు మిగతా నాలుగు గంటల్లో ఉంటాయి. రేటు అలా కట్టి, దాన్ని కార్మికుడి ఇష్టమనడం గొప్ప తెలివి. పైగా రెండు షిఫ్టుల బదులు మూడు షిఫ్టులైతే ప్రతి మగ్గానికీ మూడో మనిషిని పెట్టుకోవాలి. నిరుద్యోగం గురించి అదే వేదికలమీద కన్నీరు పెట్టుకునే పెద్దలకు ఈ మూడో మనిషి ఎందుకో గుర్తుకు రాడు.

అయినా ఇష్టమో కష్టమో తేల్చడం తేలికే. మీటరు రేటును ఒకటిన్నర రెట్లు చేయండి. ఎనిమిది గంటల్లోనే పన్నెండు గంటల కూలీ చేతికొస్తుంది. ఆ తర్వాత కూడా దేశంమీద ప్రేమతో తొమ్మిదో గంట మగ్గం ముందు నిలబడేవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. 70 గంటలు, 90 గంటలు అని ఎన్ని లెక్కలు చెప్పినా, ఈ ఒక్క లెక్క వేయడానికి మాత్రం ఏ సేఠూ, ఏ ఛైర్మనూ ముందుకు రాడు. జవాబేమిటో వాళ్లకు ముందే తెలుసు.