జఠరాగ్నిహోత్రము

వ్యాయామము వలన శరీరమునకు లాఘవము, పనులయందు సామర్థ్యము, జఠరాగ్నికి దీప్తి, మేదస్సునకు క్షయము కలుగునని అష్టాంగహృదయమున వాగ్భటాచార్యుడు సెలవిచ్చియున్నాడు. ఈ నాలుగు ఫలములలో మొదటి రెండింటితో నాకు తగవు లేదు. మూడవదానిని నాలుగవదాని ప్రక్కనే ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి, ఆ రెండును కలహించుకొనకుండ చూచు ఉపాయమేదియు అక్కడ చెప్పకయే ఆచార్యుడు ముందునకు సాగిపోవుట మాత్రము నాకు మింగుడుపడని సంగతి. ప్రజ్వరిల్లిన అగ్ని ఆహుతి కోరదా? కోరినంత ఆహుతి వేసిన పిమ్మట మేదస్సు కరగునా? పైపెచ్చు, వ్యాయామమును బలవంతులును, నేయి మొదలగు స్నిగ్ధపదార్థములు భుజించువారును, తమ శక్తిలో సగము మేరకు చేయవలెనని నియమము గూడ పెట్టినాడు. ఈ నియమములో నేతికి సంబంధించిన భాగమును నేను పుట్టిననాటినుండి తు.చ. తప్పక పాటించుచున్నాను.

మా ఊరు నంద్యాల. నా నడుమునకును పొట్టకును నడుమనుండవలసిన ఎల్ల చెరిగిపోయినదని వైద్యుడొకరు కొలతబద్దతో నిర్ధారించి, ప్రతిదినము ఒక గంట వడిగా నడువుమనియు, నోరు కట్టుకొనుమనియు శాసించిరి. మొదటిది సులభము. పడవలు నడుచుటకును పైరులు పండుటకును పందొమ్మిదవ శతాబ్దమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించిన కె.సి. కాలువ ఉండనే ఉన్నది. తూర్పున నల్లమల కొండలు కానవచ్చుచుండగా ఆ గట్టువెంట చల్లగాలికి నడచినచో గంట గడచుటయే తెలియదు. తెలియునదెల్ల ఇల్లు చేరబోవు వేళ కడుపులో లేచు గోల. నడకకు ముందటి ఆకలి "ఏమైన నున్నదా?" అని మర్యాదగా అడుగును, నడక తరువాతి ఆకలి జప్తు వారంటుతో వచ్చిన అమీనావలె గుమ్మమున నిలుచును.

సరిగా ఆ వేళకే మలుపులోని బండిమీద ఉగ్గాని తాలింపు పడును. ఎరుగని జిల్లాలవారి కొరకు చెప్పుచున్నాను: బొరుగులను నీటిలో ముంచి, మెత్తబడీబడకమునుపే దోసిళ్ళతో పిండి తీసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు వేగిన తాలింపులో పొరలించి, పుట్నాలపొడి చల్లి, నిమ్మకాయ పిండి, ప్రక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి ఇచ్చునది ఉగ్గాని. బొరుగులు గాలితో నిండినవి గనుక ఎంత తినినను తిన్నట్లు కాదని ఒక వాదమున్నది. ఆ వాదమును లేవదీసినవాడను నేనే. బజ్జీ విషయమున అట్టి వాదమేదియు నిలువదు. శనగపిండి చొక్కా తొడిగికొని నూనెలో మునిగి తేలిన మిరపకాయ ఎంత చమురు త్రాగినదో, దానిని పెట్టి ఇచ్చిన కాగితమే సాక్ష్యము చెప్పును. "రెండు బజ్జీలేనా సార్? అంత దూరం నడిచొచ్చినారు కదా!" అని బండి యజమాని జాలిపడును. లోకమున ఇట్టి జాలిగుండెలకు కొదువలేదు.

లెక్కకు వత్తము. 70 కిలోల మనిషి గంటసేపు వడిగా నడిచినచో సుమారు 250 కేలరీలు ఖర్చగును. ఒక గ్రాము క్రొవ్వునందు 9 కేలరీలుండును; పిండిపదార్థమునందును మాంసకృత్తులయందును 4 చొప్పున ఉండును. కనుక 15 గ్రాముల నేయి, అనగా మా ఇండ్లలో "ఊరికె అట్ల చూపించినా" అనుచు ఓలిగపై పోయునంత నేయి, సగము నడకను మింగివేయును. క్రిందనున్న ఓలిగ మిగిలిన సగమును మింగి, మరునాటి నడకపై అప్పు వ్రాయించుకొనును. కిలో క్రొవ్వు కరగవలెనన్న దాదాపు 7,700 కేలరీలు ఖర్చు కావలెను. అనగా ఏమియు అదనముగా తినక ముప్పది గంటలు నడువవలెను. నంద్యాలనుండి ముప్పది గంటలు నడిచినచో ఎక్కడికి చేరుదునో గాని, దారిలోని ప్రతి ఊరియందును నాకు చుట్టములున్నారు.

చుట్టములు కొలిచి వడ్డించుట ఎరుగరు. 1991 ఉపయెన్నికలో పి.వి. నరసింహారావుగారికి 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీ వడ్డించిన నియోజకవర్గమిది. పంక్తిలో కూర్చున్నవాడు రెండవ సంగటిముద్ద వద్దనిన వినునా? "నడుస్తాండావంట కదప్పా, తినకపోతే ఎట్లా?" అని విస్తరికి అడ్డుపెట్టిన నా చేతిమీదనే పప్పు పోయుదురు.

ఈ ఆకలి మర్మమేమని శాస్త్రజ్ఞుల నాశ్రయించితిని. జీర్ణాశయమున పుట్టి మెదడునకు ఆకలి కబురు చేరవేయు గ్రెలిన్ అను హార్మోనును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. పరుగువంటి తీవ్రశ్రమ చేసిన వెంటనే అది కొంతసేపు అణగి, పిదప తిరిగి లేచునట. నావంటి నడకరికి ఆ వెసులుబాటును అంతంతమాత్రమే. అంతకంటె నన్ను కలవరపెట్టినది 1956లో జీన్ మేయర్ ప్రభృతులు ప్రకటించిన పరిశోధన. వారు బెంగాలులోని ఒక జనపనార మిల్లునందు 213 మంది పురుషుల తిండిని, బరువును, పనిని పోల్చి చూచిరి. కాయకష్టము చేయువారు శ్రమకు తగినట్లు తిని సన్నగనే ఉండిరి. కూర్చున్నచోటు కదలని గుమాస్తాలును దుకాణదారులును తేలికపాటి పనివారికంటె ఎక్కువ తినుచు, ఎక్కువ తూగుచుండిరి. ఒళ్ళు కదలనివాని కడుపునకు లెక్కయే తప్పునన్నమాట. నా ఉద్యోగమంతయు ఫైళ్ళ నడుమ గడచినది గనుక ఆ పట్టికలో నా స్థానమును వెదకుకొన నవసరము లేకపోయినది. అయినను ఒక ఊరట: నడచువాని ఆకలి ఎంత మొరటుదైనను అబద్ధమాడునది కాదు. దానికి పెట్టవలసినదే, ఏమి పెట్టవలెనన్నదే ప్రశ్న.

మా అత్తవారి ఊరు ఆళ్లగడ్డ. రాతి విగ్రహములకు పేరుపడినది. అక్కడ ఒక శిల్పి మధ్యాహ్నమున చెనిక్కాయ పచ్చడితో సంగటిముద్దలు రెండారగించి, తన పొట్ట వీపునకంటుకొనియే యుండగా, వినాయకుని బొజ్జను ఉలితో సవరించుచుండెను. "ఇంకాస్త తగ్గించరాదా?" అంటిని. అతడు నా నడుమువంక తేరిపార చూచి, "రాతిలో ఒకసారి తీసినామంటే మళ్ళా పెట్టేకి రాదు సామీ. మీకా బాధ లేదు గదా!" అనెను.

శ్వేతకి మహారాజు యాగమున ఏండ్లతరబడి నేతిధార త్రాగి అగ్నిదేవునకే అజీర్ణము చేసినదనియు, బ్రహ్మ ఖాండవవనమును తినుమని పథ్యము చెప్పెననియు భారతమున నున్నది. అగ్నికే ఆకులలములు పథ్యమైనప్పుడు నా జఠరాగ్ని యెంత? కనుక మా ఇంట కొర్రలు ప్రవేశించినవి. 1906లో వెలసిన మా నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానమే సూర్యనంది యను కొర్రరకమును రూపొందించినది. బియ్యమున నూటికి 7 పాళ్ళు మాంసకృత్తులుండగా కొర్రలలో 12 పాళ్ళుండును, పీచును అధికము, కడుపున చాలసేపు నిలుచును. అయితే అవి ఎంత తినినను లెక్కకు రావని కొర్రభక్తులలో ఒక నమ్మకము ప్రబలియున్నది. తూచి చూచినచో బియ్యమునకును కొర్రలకును కేలరీలలో భేదము అత్యల్పము. ఈ సత్యమును మా వీధి అరుగుపై వెల్లడించినందుకు నాతో మాటలు మానినవారున్నారు.

బజ్జీల బండిని దాటివచ్చు ఉపాయము మా యింటావిడది. నడకకు బయలుదేరకమునుపే నా జేబులు తడిమి చిల్లర తీసివైచును. తిరిగివచ్చుసరికి పలుచని మజ్జిగయు, ఉడికించిన అలసందలును గుమ్మమున సిద్ధముగ నుంచును. "ముందు ఇవి తినండి. ఇరవై నిమిషాలు ఆగి, అప్పటికీ ఆకలైతే అడగండి" అనును. కడుపు నిండిన సంగతి మెదడునకు చేరుటకు ఆమాత్రము వ్యవధి పట్టునని ఆమె ఎక్కడ చదివినదో ఎరుగను. ఆ ఇరువది నిమిషములు గడియారపు ముల్లు నడుచు తీరును చూచినచో వైద్యులు దానికి గూడ వడిగా నడువుమని చెప్పుదురు. చిత్రమేమనగా, గడువు ముగియుసరికి అమీనా వెళ్ళిపోయియుండును. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఇదంతయు సంక్రాంతి వరకే. కనుమనాడు అహోబిలేశుడు పారువేటకు వెడలి, నెలకు మించి ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెపల్లెకు పల్లకిలో తిరుగుచు, ఫాల్గుణమున జరుగు తన కల్యాణమునకు జనులను స్వయముగా పిలుచును. చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. ఊరూర నైవేద్యములందు ఆ అల్లునికి పల్లకి మోయుటకు బోయీలున్నారు. నడక వారిది, నైవేద్యము ఆయనది. ఇంతకంటె ఆదర్శప్రాయమైన ఏర్పాటు నాకు తోచదు. ఆ సీమకు నేనును అల్లుడనే గాని, రెండు పనులును నేనే చేసికొనవలసి వచ్చుచున్నది. మొన్న మా మరదలు ఫోను చేసి, "బావా, పండగకు తప్పకుండా రండి. ఓలిగలకని నెయ్యి కాచి పెట్టినాం. మీ నడకేదో నంద్యాలలోనే కానిచ్చుకొని రండి, ఇక్కడికొచ్చి కొర్రలంటే అమ్మ ఊరుకోదు" అనెను. నేను సమాధానము కూర్చుకొనులోగా మా యింటావిడ ఫోను లాగుకొని, "అలసందలు నేను మూటగట్టుకొని తెస్తాలే" అనెను.